ఆరుగురు పిల్లలు, ఐదు నిమ్మకాయలు

హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంటు డాబా మీద ఒక ఆదివారం సాయంత్రం ఆరుగురు పిల్లల ముందు ఐదు నిమ్మకాయలు, పంచదార డబ్బా, ఉప్పు, బకెట్టు నీళ్ళు పెట్టాం. నిమ్మకాయలు పిండేది మాత్రం ఒక్కటే పెట్టాం, కావాలనే. పిల్లల వయసు ఐదు నుంచి ఎనిమిదేళ్ళు. అందరికీ షర్బత్ చేయాలన్నది పని. రెండు నిమిషాలు గడవకముందే పిండేది మా వాడి చేతికి చిక్కింది, ఇక వదలడు. మూడో అంతస్తు పాప అలిగి గోడవైపు తిరిగి నిలబడింది. నేను లేచాను. పక్కనే ఉన్న రెండో అంతస్తు ఆవిడ కూర్చోమని చేత్తో సైగ చేశారు. ఎవరి పిల్లల గొడవలో వాళ్ళు తలదూర్చకూడదని ముందే అనుకున్నాం మరి. కూర్చున్నాను గానీ కాళ్ళు మాత్రం లేచే ఉన్నాయి.

మా వాడు మూడో కాయ మీద ఉండగా ఎనిమిదేళ్ళ కుర్రాడు "పది నొక్కులు నువ్వు, పది నొక్కులు నేను" అన్నాడు. మా వాడు ఇరవై అడిగాడు. బేరం పదిహేను దగ్గర తెగింది. అలిగిన పాపను ఎవరూ బతిమాలలేదు. నొక్కులు లెక్కపెట్టే మనిషి అవసరమయ్యేసరికి తనే వచ్చి లెక్క మొదలుపెట్టింది. షర్బత్ నోట పెట్టుకోలేకపోయాం. ముగ్గురు ఉప్పు వేశారు, ఒకరు వేసిన సంగతి మరొకరికి తెలియదు. మరుసటి ఆదివారం పిల్లలే ఒక ఉప్పు మంత్రిని నియమించుకున్నారు. పదవి మా వాడికి దక్కింది.

పిల్లల సామాజిక, భావోద్వేగ వికాసం అన్న మాట వినడానికి బరువుగా ఉంటుంది. ఈ మధ్య బడుల ప్రకటనల్లోనూ, నెలవారీ ఫీజుతో నడిచే తరగతుల బోర్డుల మీదా తరచుగా కనిపిస్తోంది. కొందరు తల్లిదండ్రులు దీన్ని లెక్కల ట్యూషన్ లాంటి మరో పాఠం అనుకుంటున్నారు. ఇంకొందరు, అదంతా దానంతటదే వస్తుంది, మా చిన్నప్పుడు ఎవరు నేర్పారు అంటున్నారు. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి వారానికోసారి పిల్లల్ని ఒకచోట చేర్చాలనుకుంటే ఈ రెండు అభిప్రాయాల మధ్య చాలా చిక్కుముడులు విప్పుకోవాలి.

ఎవరు నేర్పారు?

వీధి నేర్పింది. దాగుడుమూతలకు ముందు పంటలు వేసుకోవడంలో దొంగ ఎవరో తేల్చే న్యాయం ఉంది. తొండి అన్న ఆరోపణకు అక్కడికక్కడే విచారణ జరిగేది. ఐదేళ్ళ చెల్లెలు నేనూ వస్తానని ఏడిస్తే ఆటలో అరటిపండుగా కలుపుకునేవారు. పరిగెత్తవచ్చు, దాక్కోవచ్చు, దొరికినా దొంగ పెట్టరు. లెక్కలోకి రాని మనిషిని వెక్కిరించడానికి ఆ మాటను ఇప్పుడు వాడుతున్నాం గానీ, ఆట చెడకుండా చిన్నవాళ్ళను కలుపుకోవడానికి పిల్లలు కనిపెట్టిన ఏర్పాటు అది. పెద్దవాళ్ళ సంస్థలు కమిటీలు వేసినా ఇంత సులువైన పద్ధతి కనిపెట్టలేవు.

అలాగని వీధిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ వీధే కొందరు పిల్లల్ని ఏళ్ళ తరబడి ఏడిపించింది. ఏ వాడ పిల్లలు ఆ వాడలోనే ఆడుకున్నారు. పొద్దు వాలకముందే ఆడపిల్లలకు లోపలి నుంచి పిలుపు వచ్చేది. ఇప్పుడు ఆ వీధి ఎలాగూ లేదు. ఇంటికొక్కరో ఇద్దరో పిల్లలు, బడి బస్సు, ట్యూషన్, లిఫ్టు, ఫోను. వీధిలో ఉండిన మంచిని ఎంచి తెచ్చుకోవడమే తల్లిదండ్రులు ఇలా చేర్చే పిల్లల బృందాల పని.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1941లో, యుద్ధకాలంలో, న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో తల్లులు కలిసి ప్లేసెంటర్ అనే ఆటకేంద్రాన్ని మొదలుపెట్టారు. భర్తలు యుద్ధానికి వెళ్ళిన స్త్రీలకు కాస్త ఊపిరి, పిల్లలకు తోడు దొరకాలన్నది ఉద్దేశం. తల్లిదండ్రులే నడుపుకునే ఆ కేంద్రాలు దేశమంతా పాకి నేటికీ నడుస్తున్నాయి. 1961లో లండన్‌కు చెందిన బెల్ టుటేవ్ అనే తల్లి, ప్రభుత్వ నర్సరీలు చాలక తాము సొంతంగా బృందం నడుపుకుంటున్నామని గార్డియన్ పత్రికకు ఉత్తరం రాసింది. దానికి వచ్చిన స్పందన నుంచి మరుసటి ఏడాది బ్రిటన్‌లో ప్లేగ్రూపుల సంఘం పుట్టింది.

మనకూ ఒక వారసత్వం ఉంది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో బాలానంద సంఘం స్థాపించి, తర్వాత హైదరాబాదుకు తరలించారు. పాటలూ నాటికలూ పిల్లలే వేసేవారు. ఆ సంఘం గురించి తలచుకునేవాళ్ళు కళల గురించే ఎక్కువ చెబుతారు. నాకైతే రిహార్సళ్ళే ముఖ్యమనిపిస్తాయి. రాజు వేషం దొరకని పిల్లవాడు భటుడి వేషానికి సర్దుకోవడం, మాట మరిచిపోయినవాడికి పక్కవాడు గుసగుసగా అందించడం, ఇవేవీ ఫొటోల్లో పడవు.

అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

అమెరికాలో 1994లో ఏర్పడిన కేసెల్ అనే సంస్థ సామాజిక, భావోద్వేగ సామర్థ్యాలను ఐదుగా విడదీసింది. తన మనసు తనకు తెలియడం, తనను తాను అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారి మనసు గ్రహించడం, సంబంధాలు నిలుపుకోవడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం. మన తరగతుల బోర్డుల మీద కనిపించే జాబితా ఎక్కువగా ఇదే. ఆ ప్రకటనల్లో వినిపించే అంకె కూడా ఒకటుంది. 2011లో జోసెఫ్ డర్లక్ బృందం 213 బడి కార్యక్రమాల ఫలితాలను, అంటే రెండు లక్షల డెబ్భై వేల మందికి పైగా విద్యార్థుల వివరాలను కలిపి చూసింది. ఈ శిక్షణ పొందినవారు చదువులోనూ మెరుగుపడ్డారు. వందమందిలో కింది నుంచి 50వ స్థానంలో ఉండే పిల్లవాడు 61వ స్థానానికి చేరినంత తేడా అది.

చిన్న తేడా కాదు. అయితే ఆ కార్యక్రమాలు బడిలో, వరుస పాఠాలతో, నిర్దిష్ట లక్ష్యంతో నడిచినవి. మన డాబా మీద ఆదివారపు సందడికి ఆ అంకెను తగిలించుకుంటే అది మోసమే. తల్లిదండ్రుల బృందానికి అలాంటి రుజువు లేదు. దాని బలం వేరే చోట ఉంది. బడి పాఠంలో "పంచుకోవాలి" అని పిల్లలందరూ ముక్తకంఠంతో చెబుతారు. పిండేది ఒక్కటే ఉన్నప్పుడు ఆ మాట ఏమవుతుందో డాబా మీదే తెలుస్తుంది. వచ్చే ఆదివారం మళ్ళీ అదే ముఖాలు ఎదురుపడతాయి కాబట్టి పగ పెట్టుకుంటే ఖరీదెక్కువ. గొడవ సంగతి ఎలా ఉన్నా, గొడవ తర్వాతి వారమే అసలు పాఠం. అందుకే ఒక్కరోజు శిబిరాల మీద నాకు నమ్మకం తక్కువ. కనీసం రెండు నెలలు, అదే రోజు, అదే వేళ, అదే చోటు ఉండాలి. గంటన్నర చాలు.

అలకకు ఇంగ్లిష్ బొమ్మ లేదు

బడుల్లో పసుపు పచ్చని ముఖాల పట్టిక ఒకటి గోడకు అంటిస్తారు. సంతోషం, విచారం, కోపం, భయం. "ఈ రోజు నువ్వు ఏ ముఖం?" అని అడుగుతారు. అలిగి గోడవైపు తిరిగిన పాప అందులో ఏ ముఖం? అలక వట్టి కోపం కాదు, వట్టి విచారమూ కాదు. ఎవరో వచ్చి బుజ్జగిస్తారన్న ఆశ అందులో కలిసి ఉంది, అందుకే ఎవరూ లేని గదిలో ఎవరూ అలగరు. ఉడుక్కోవడం అంటే ఎగతాళికి తట్టుకోలేకపోవడం. ఏమీ చేయలేని కోపం ఉక్రోషం. నలుగురిలో మాట పడితే చిన్నబుచ్చుకుంటాం. కొత్తవాళ్ళ ముందు బిడియం, అమ్మ ఊరెళితే బెంగ. ఇన్ని మాటలు మన ఇళ్ళలో ఉండగా పిల్లలకు నాలుగు ముఖాలు చూపించి సరిపెడుతున్నాం.

భావానికి సరైన పేరు పెట్టడం వల్ల పని జరుగుతుందనడానికి కొంత ఆధారం ఉంది. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం, కోపంగానో భయంగానో ఉన్న ముఖాల బొమ్మలకు భావం పేరు జతచేసినప్పుడు మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా భాగం తక్కువగా ఉత్తేజితమైందని గమనించింది. అది పెద్దవాళ్ళ మీద చేసిన ప్రయోగం, పిల్లలకు యథాతథంగా అన్వయించలేం. అయినా "ఎందుకేడుస్తున్నావ్?" అని గద్దించే బదులు "ఉక్రోషం వచ్చిందా?" అని అడిగి చూడండి. మా బృందంలో ఒకడు ఏడుపు ఆపి "ఉక్రోషం అంటే ఏమిటి?" అని అడిగాడు. చెప్పాక, కాసేపు ఆలోచించి, తనకు వచ్చింది అది కాదన్నాడు.

ఎంతమంది, ఏ వయసు, ఏ పని

ముగ్గురైతే ఇద్దరు జట్టుకట్టి మూడోవాడు మిగిలిపోతాడు. ఆరుగురిలో రెండేసి మంది మధ్య ఉండే సంబంధాలు 15. పన్నెండుగురిలో 66. అన్ని సంబంధాలను ఏ పిల్లవాడూ మోయలేడు, ఏ పెద్దా గమనించలేరు. పెద్ద గుంపులో బిడియస్తులు మాయమైపోతారు, గట్టిగొంతువాళ్ళే బృందమవుతారు. నలుగురి నుంచి ఆరుగురి దాకా అయితే నడుస్తుంది. వయసులో రెండు మూడేళ్ళ తేడా ఉండనివ్వండి. పెద్దవాళ్ళు ఓపిక నేర్చుకుంటారు, చిన్నవాళ్ళకు ముందుమెట్టు కనిపిస్తుంది. అరటిపండు పద్ధతి పనిచేయాలంటే అరటిపండు ఉండాలి కదా.

రెండు మూడేళ్ళ పిల్లల దగ్గర మాత్రం ఇవేవీ ఆశించకండి. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు చిన్నపిల్లల ఆటను గమనించి దశలుగా వర్ణించింది. ఒంటరి ఆట, దూరం నుంచి చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారాడుకోవడం, చివరికి కలిసి ఆడటం. రెండేళ్ళ పిల్లలిద్దరు ఒకే ఇసుకలో ఒకరివైపు ఒకరు చూడకుండా ఆడుకుంటుంటే "కలిసి ఆడుకో" అని ఒకరి బొమ్మ లాగి మరొకరికి ఇవ్వడం మనకు అలవాటు. వాళ్ళు ఆడుతున్నదే ఆ వయసు ఆట. తర్వాతి పరిశీలకులు ఇంకో సంగతి పట్టుకున్నారు. పక్కన చేరి అదే పని చేయడం కాస్త పెద్ద పిల్లలకు ఆటలోకి వెళ్ళే దారి. "నన్నూ ఆడించుకుంటారా?" అని నేరుగా అడిగిన పిల్లవాడికి వద్దనే జవాబు సులువుగా ఎదురవుతుంది. ఏం జరుగుతోందో చూసి, పక్కన కూర్చుని, తనూ అలాంటి ఇటుకే పేర్చేవాడు కాసేపటికి ఆటలో ఉంటాడు. "వెళ్ళి అడుగు" అని పిల్లల వీపు మీద చెయ్యి వేసి తోసే తల్లిదండ్రులు, నేను సహా, ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక పని సంగతి. మన కాలనీల్లో పిల్లల కార్యక్రమం అంటే పోటీ. బొమ్మల పోటీ, వేషాల పోటీ, పరుగు పందెం, చివర్లో ప్లాస్టిక్ కప్పులు. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓక్లహామాలోని రాబర్స్ కేవ్ అడవిలో 22 మంది పదకొండేళ్ళ బాలురను రెండు జట్లుగా వేసవి శిబిరంలో ఉంచి బహుమతుల పోటీలు పెట్టాడు. రోజుల్లోనే ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకున్నారు, గదుల మీద దాడులు చేసుకున్నారు. తర్వాత రెండు జట్లకూ కలిపి భోజనాలు పెడితే తిండి విసురుకున్నారు. నీళ్ళ సరఫరా ఆగిపోయినప్పుడు, ట్రక్కు మొరాయించినప్పుడు అందరూ కలిసి పనిచేయక తప్పలేదు. అలాంటివి కొన్ని జరిగాకే పగ తగ్గింది. పిల్లలకు చెప్పకుండా వాళ్ళ మీద చేసిన ఆ ప్రయోగాన్ని ఇవాళ ఎవరూ అనుమతించరు, అనుమతించకూడదు కూడా. అయినా ఒక సంగతి మిగిలింది. కలిపి కూర్చోబెట్టి బిర్యానీ పెట్టినంత మాత్రాన స్నేహం పుట్టదు, కలిసి చేయక తప్పని పని ఉండాలి.

అందుకే వస్తువు ఒకటి తక్కువ ఉండే పనులు చూసుకోండి. షర్బత్, అట్టపెట్టెలతో ఇల్లు, కుండీల్లో మెంతులు చల్లడం, ఐదు నిమిషాల నాటిక. అష్టాచెమ్మా మంచిదే, గవ్వలు వేసే వంతు కోసం కాచుకోవడంలోనే సగం శిక్షణ ఉంది. ఒక ఆదివారం ఏమీ ఇవ్వకుండా వదిలేయండి. పావుగంట "బోర్ కొడుతోంది" అంటారు. మా వాళ్ళు ఆ తర్వాత చెప్పులన్నీ వరుసపెట్టి రైలు చేశారు.

పెద్దలు ఎక్కడ కూర్చోవాలి

బృందం నడపడంలో కష్టమంతా పెద్దలదే. మేం కుదుర్చుకున్న ఏర్పాటు ఇది. ప్రతి వారం ఇద్దరు పెద్దలు తప్పనిసరి, ఒక్కరే పిల్లలతో ఉండకూడదు. ఒకరు సామాను చూస్తారు, మరొకరు గమనిస్తారు. పిట్టగోడ ఎత్తు, ఎవరికి ఏ తిండి పడదు, బాత్రూముకు ఎవరు తీసుకెళ్ళాలి, ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. దెబ్బలు తగిలేలా ఉంటే వెంటనే లేవాలి. ఒకే పిల్లవాణ్ణి పదేపదే లక్ష్యం చేసుకున్నా లేవాలి. సమానుల మధ్య గొడవ వేరు, బలవంతులు ఒకరిని వేధించడం వేరు. రెండోది పిల్లలే తేల్చుకుంటారని వదిలేస్తే అది పెద్దల పిరికితనం.

మిగతా వేళల్లో మనసులో పది లెక్కపెట్టాలి. అప్పటికీ మాట్లాడాల్సి వస్తే తీర్పు చెప్పకుండా, కనిపిస్తున్నది చెప్పాలి. "పిండేది ఒకటే ఉంది, ఇద్దరికీ కావాలి" అంటే చాలు. "సారీ చెప్పు" అని మెడ వంచితే పిల్లలు సారీ అన్న శబ్దం నేర్చుకుంటారు, అంతే. పగిలిన దాన్ని ఎలా సరిచేద్దామని అడిగితే కొంత పని జరుగుతుంది.

తల్లిదండ్రుల మధ్య గొడవలు పిల్లల గొడవలంత తేలిగ్గా తీరవు. ఫొటోలు గ్రూపులో పెట్టాలా వద్దా, గుడ్డు ఉన్న కేకు తేవచ్చా, ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలా. మా దగ్గర అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరు. సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కూతురు ఏడేళ్ళది. మొదటి మూడు వారాలు ఆ అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి చూసింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు. నాలుగో వారం ఇద్దరు పిల్లలు ఊరెళ్ళి సంఖ్య తగ్గితే అప్పుడు పిలిచాం. మా మంచితనం ఆపాటిది. పంటలు వేసుకోవడం మా పిల్లలకు నేర్పింది ఆ అమ్మాయే. ఒక కుటుంబం తర్వాత రావడం మానేసింది. కారణం చెప్పలేదు, మేమూ అడగలేదు. పిల్లలకు కలుపుకుపోవడం నేర్పాలని మొదలుపెట్టిన బృందం ఎవరిని బయట ఉంచుతోందో పిల్లలు చూస్తూనే ఉంటారు.

మరో హెచ్చరిక. "దూకుడు పిల్లలందరినీ ఒక బృందంగా చేద్దాం" అన్న ఆలోచన ఎవరికో ఒకరికి వస్తుంది. వద్దు. సమస్యలున్న కౌమారుల్ని ఒకచోట చేర్చిన కార్యక్రమాల్లో కొన్ని మేలుకు బదులు కీడు చేశాయని 1999లో డిషియన్, మెకార్డ్, పూలాన్ అనే పరిశోధకులు చూపించారు. తప్పుడు పనుల గురించి గొప్పలు చెప్పుకుంటే పక్కవాళ్ళ నవ్వే అక్కడ బహుమతి అయింది. దూకుడుగా ఉండే ఒక్క పిల్లవాణ్ణి ఐదుగురు మామూలు పిల్లల మధ్య ఉంచితే ఫలితం వేరుగా ఉండే అవకాశం ఎక్కువ.

బృందం వైద్యం కాదన్నది కూడా ఒప్పుకోవాలి. పిల్లలు పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం, మాటలు బాగా ఆలస్యం కావడం, వచ్చిన మాటలు పోవడం, చిన్న శబ్దానికే తల్లడిల్లిపోవడం వంటివి కనిపిస్తే ఆదివారాల కోసం ఎదురుచూడకండి. పిల్లల వైద్యుణ్ణి కలవండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డీఈఐసీలు, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయపడే కేంద్రాలు ఏర్పడ్డాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ ఉంది. అలాంటి పిల్లలు బృందంలో ఉండకూడదని కాదు, వాళ్ళకు ఏం కావాలో తెలిసినవాళ్ళను అడిగి ఉంచుకోవాలి.

బిడియాన్ని మాత్రం జబ్బు చేయకండి. మా బృందంలో ఒక పాప ఐదు వారాలు అమ్మ కొంగు పట్టుకునే కూర్చుంది. ఆరో వారం లేచి చెప్పుల రైలుకు తన చెప్పులు తెచ్చి చివర్లో పెట్టి మళ్ళీ వెళ్ళి కూర్చుంది. వాళ్ళమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగారు. ఆగినందుకు ఆవిడకు దండం పెట్టాలి.

పదో వారమో పదకొండో వారమో, ఒక బుధవారం సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మూడో అంతస్తు పాప, వాచ్‌మన్ కూతురు, వాళ్ళ వెనక నాకు తెలియని ఇంకో పిల్లవాడు. చేతిలో రెండు నిమ్మకాయలు.

"అంకుల్, ఉప్పు మంత్రి ఉన్నాడా?"

ట్యూషన్‌కు వెళ్ళాడన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అయితే ఉప్పు లేకుండా చేద్దాం" అంటూ లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయారు.